ఆకాశరామన్న మనవలు

మా తాతగారి కాలంలో ప్రతి ఊళ్ళోనూ ఆకాశరామన్న అని ఒకాయన వుండేవాడు. ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయనకు ఇల్లు లేదు, వాకిలి లేదు, ఇంటిపేరు అసలే లేదు. కాని ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరి కుర్రాడికి ఉద్యోగం దొరికినా, ఎవరి కోడలు కాస్త తలెత్తుకుని నడిచినా ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఎడమచేత్తో ఒక ఉత్తరం గిలికి తపాలా పెట్టెలో పడేసేవాడు. చాలాసార్లు దానికి బిళ్ళ కూడా అంటించేవాడు కాదు. బేరంగు ఉత్తరం అన్నమాట. పోస్టుమాను గుమ్మంలో నిలబడి రెట్టింపు రుసుం వసూలు చేసుకుని మరీ ఆ ఉత్తరం చేతిలో పెట్టేవాడు. డబ్బిచ్చి తిట్లు కొనుక్కోవడం అంటే అదే.

కార్డులూ కవర్లూ తగ్గిపోయాక ఆకాశరామన్న కూడా పోయాడనుకున్నాం. పోలేదు. ఆయన వంశం వర్ధిల్లింది. మనవలూ మునిమనవలూ ఇప్పుడు చేతుల్లో ఫోన్లు పట్టుకుని కూచున్నారు. ఇంటర్నెట్టులో ఎవరు ఏం పాడినా, ఏం వండినా, ఏం రాసినా దాని కింద వీరి చేవ్రాలు వుంటుంది. వీరు చేసే పనికి ట్రోలింగ్ అని పేరు.

ఈ సంగతి రాయవలసిన అవసరం నాకేమి వచ్చిందో మొదట మనవి చేస్తాను.

కిందటి ఏడు మా కాలేజీ వార్షికోత్సవంలో బి.ఎ. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె పద్యం చదివింది. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చి, ఇక్కడ మేనమామగారింట్లో వుండి చదువుకుంటున్న పిల్ల. గొంతు మంచిది. బెరుకు లేకుండా, కాస్త రాగం తీసి, తన ఊరి పలుకుబడిలోనే చదివింది. హాలంతా చప్పట్లు కొట్టారు. స్నేహితురాలెవరో దాన్ని వీడియో తీసి ఇంటర్నెట్టులో పెట్టింది. మూడు రోజులు అందరూ బాగుందన్నారు. నాలుగో రోజున ఎవడో ఆ పిల్ల యాసను వెక్కిరించాడు. దాని కింద ఇంకొకడు ఒంటిరంగును గురించి ఒక మాట రాశాడు. ఆపైన రాసినవి ఈ పత్రికలో అచ్చు వెయ్యతగిన మాటలు కావు.

ఆ అమ్మాయి వారం రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక వెనక బెంచీలో కూచుంది. ఎప్పటిలాగే, "ఏమమ్మా, ఈ పద్యం నువ్వు చదువు" అన్నాను. లేచి నిలబడింది. పుస్తకం తెరిచింది. "చదవలేనండి మాస్టారూ" అని తల వంచుకుంది.

పదిహేడేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. పద్యం రాని పిల్లలను చూశాను, పద్యమంటే ఇష్టంలేని పిల్లలను చూశాను. వచ్చిన పద్యాన్ని నోట్లోంచి ఎవరో లాక్కుపోయిన పిల్లను చూడడం అదే మొదలు.

విమర్శ వేరు, ఇది వేరు

ట్రోల్ అంటే ఉత్తర ఐరోపా జానపద కథల్లో ఒక వికృతాకారపు భూతం. కాని ఈ క్రియకు అసలు మూలం చేపలవేట అంటారు. పడవ వెనక గాలానికి ఎర కట్టి నీళ్ళలో లాక్కుంటూ పోవడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అనే అంటారు. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే చర్చావేదికల మీద కొందరు పాతకాపులు, కొత్తగా చేరిన వాళ్ళకు ఇలాగే ఒక తెలివితక్కువ ప్రశ్న ఎరగా వేసి, ఎవరు కరుస్తారా అని చూసేవారు. అదొక కొంటెతనం. రానురాను ఎర స్థానంలో విషం చేరింది. పేరు మాత్రం అదే మిగిలింది.

తప్పు చెప్పిన ప్రతివాడూ ట్రోలు కాడు. మా అమ్మాయి వీడియో కింద ఒక పెద్దమనిషి, "అమ్మా, మూడో పాదంలో విరుపు తప్పింది, అక్కడ ఆగితే అర్థం మారిపోతుంది" అని రాశాడు. ఆయన అన్నమాట నిజం. నేనూ అదే చెప్పేవాణ్ణి. అది విమర్శ. విమర్శ పనిని గురించి మాట్లాడుతుంది, రేపు ఇంతకంటే బాగా చెయ్యడానికి దారి చూపుతుంది. ట్రోలు మనిషిని గురించి మాట్లాడతాడు, ఆ మనిషి రేపు ఆ పని చెయ్యకుండా వుంటే సంతోషిస్తాడు. ఈ తేడా మన పిల్లలకు చెప్పడం అవసరం. లేకపోతే తప్పు దిద్దినవాణ్ణి కూడా శత్రువు కింద జమకడతారు.

ఆ మాటకొస్తే తిట్టు మన సాహిత్యానికి కొత్తది కాదు. కావ్యం మొదట్లో ఇష్టదేవతాస్తుతి ఎంత ఆచారమో కుకవినింద కూడా అంత ఆచారం. వేములవాడ భీమకవి తిడితే తగిలి తీరుతుందని కథలు చెప్పుకున్నాం. 20వ శతాబ్దం మొదటి రోజుల్లో తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ నడిచిన వివాదం తెలుగుదేశాన్ని రెండు పక్షాలుగా చీల్చిందంటే అతిశయోక్తి కాదు. కాని ఒక్క సంగతి గమనించండి. వారు తిట్టినా సొంత పేరుతో తిట్టారు. పదిమంది చూస్తుండగా తిట్టారు. జవాబు చెప్పగల సమఉజ్జీనే తిట్టారు. పందొమ్మిదేళ్ళ ఆడపిల్లమీద మూడువందలమంది పేర్లు దాచుకుని పడడం ఆ పోట్లాటల్లో లేదు.

ఎందుకు చేస్తారు?

అమెరికాలో జాన్ సూలర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2004లో దీన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. ఎదురుపడితే నోరెత్తని మనిషి తెరమీద ఎందుకింత తెగబడతాడన్నది ఆయన ప్రశ్న. ఆయన చూపించిన కారణాల్లో ముఖ్యమైనవి ఇవి: నేనెవరో వాళ్ళకు తెలియదు, నా ముఖం వాళ్ళకూ వాళ్ళ ముఖం నాకూ కనపడదు, నేనన్న మాటకు వాళ్ళు ఏమయ్యారో అప్పటికప్పుడు నేను చూడనక్కరలేదు, ఇదంతా ఒక ఆట, నిజం జీవితం కాదు, ఇక్కడ పెద్దా చిన్నా లేరు. ఇవన్నీ కలిస్తే మనిషికి కళ్ళెం వూడిపోతుంది.

వీటిలో ఏది అన్నిటికంటే బలమైనది? పేరు దాచుకోవడమేనని మనం అనుకుంటాం. ఇజ్రాయెల్‌లో హైఫా విశ్వవిద్యాలయంవారు 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఇద్దరిద్దరిని జతచేసి తెరమీద వాదించుకోమన్నారు. కొందరికి పేర్లు తెలియనిచ్చారు, కొందరికి దాచారు. కొందరిని కనపడనిచ్చారు, కొందరిని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసేటట్లు చేశారు. పేరు తెలియకపోవడంకంటే కూడా కళ్ళు కలవకపోవడంవల్లనే మాటలు ఎక్కువ చెడ్డాయని తేలింది. మన పెద్దవాళ్ళు "ముఖం చూసి ఎలా అంటాం?" అంటారే, ఆ మాటలో వున్న శాస్త్రం ఇదే.

ఎదుటివాడి బాధ చూసి ఆనందించే స్వభావం కొందరిలో వుండనే వుంది. 2014లో కెనడా పరిశోధకులు ట్రోలింగ్ తమకు ఇష్టమని చెప్పినవారిలో ఈ క్రూరస్వభావం ఎక్కువగా వున్నట్లు కనిపెట్టారు. అయితే అందరూ అటువంటి వాళ్ళేనా? కారు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాలవారు 2017లో ప్రకటించిన ఒక ప్రయోగం నన్ను ఆలోచనలో పడేసింది. కొంతమందికి తేలికైన పరీక్ష, కొంతమందికి కష్టమైన పరీక్ష ఇచ్చారు. తరువాత ఒక వ్యాసం చూపించి అభిప్రాయం రాయమన్నారు. కొందరికి ఆ వ్యాసం కింద అప్పటికే మామూలు మాటలు కనపడ్డాయి, కొందరికి వెకిలి మాటలు కనపడ్డాయి. మనసు బాగుండి, పైన మంచి మాటలే చూసినవాళ్ళు రాసిన వాటిలో నూటికి 35 చెడ్డవి. పరీక్ష చెడి చిరాకుగా వుండి, పైన వెకిలి మాటలు చూసినవాళ్ళు రాసిన వాటిలో నూటికి 68 చెడ్డవి. అర్ధరాత్రి వేళల్లోనూ సోమవారాల్లోనూ ఈ జాడ్యం ఎక్కువగా వుంటుందని కూడా వాళ్ళు చూపించారు. అంటే ఏమిటి? సమయం కుదిరితే ఎవరైనా ట్రోలు కాగలరని.

అమెరికా రచయిత్రి లిండీ వెస్ట్ కథ కూడా ఇటువంటిదే. 2013లో ఒకడు, అంతకు ఏడాదిన్నర ముందు చనిపోయిన ఆమె తండ్రి పేరుతోనే ఒక ఖాతా తెరిచి ఆమెను నిందించాడు. ఆవిడ తన బాధ దాచుకోకుండా పత్రికలో రాసింది. అది చదివి ఆ మనిషి క్షమాపణ రాసుకున్నాడు. ఆమె తండ్రికి వైద్యం చేసిన కాన్సర్ ఆస్పత్రికి 50 డాలర్లు విరాళం పంపాడు. తరువాత రేడియోకోసం ఇద్దరూ టెలిఫోనులో మాట్లాడుకున్నారు. 2015లో ఆ సంభాషణ ప్రసారమైంది. ఎందుకు చేశావని ఆవిడ అడిగితే అతను చెప్పిన సమాధానం సారాంశమిది: తన శరీరమంటే తనకే అసహ్యం, ఉద్యోగంలో తృప్తి లేదు, ప్రేమించిన పిల్ల వదిలి వెళ్ళింది, ఈవిడ మాత్రం తనలాగే లావుగా వుండి కూడా హాయిగా, ధైర్యంగా బతుకుతోంది. అది చూసి ఓర్వలేకపోయాడు.

మా ఇంటి సంగతి

ఇంతవరకూ పరాయివాళ్ళ కథలు. ఇప్పుడు మా ఇంటి కథ.

శ్రీరామనవమికి మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. మా మేనల్లుడు ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం చదువుతున్నాడు. మంచి పిల్లవాడు. నాయనమ్మకు వేళకు మందులిచ్చేది వాడే. భోజనాలైన తరువాత నా పక్కన కూచుని ఫోను చూపించి, "మావయ్యా, ఇది చూడు. మీ తెలుగు మాస్టార్లకు పనికొస్తుంది" అన్నాడు. చూద్దును గదా, మా క్లాసు అమ్మాయి పద్యం! దాని కింద ఒక వెటకారపు వాక్యం చూపించి, "దీనికి నాలుగువందల లైకులు వచ్చాయి. ఎవరు రాశారో చెప్పుకో" అన్నాడు నవ్వుతూ.

నాకు కాసేపు మాట రాలేదు. "ఆ అమ్మాయి నా దగ్గర చదువుకుంటోందిరా" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. "నాకు తెలియదు మావయ్యా. అందరూ రాస్తున్నారు, నేనూ రాశాను. సరదాకి" అన్నాడు.

"సరే. ఆ అమ్మాయి నీ ఎదురుగా కూచుందనుకో. ఆమె ముఖం చూస్తూ ఆ వాక్యం పైకి చదువు" అన్నాను.

రెండు మాటలు చదివాడు. మూడోది నోట్లోంచి రాలేదు. ఫోను బోర్లించి లోపలికి వెళ్ళిపోయాడు. వాడు ఆ వాక్యం రాసిన వారంలోనే, కాలేజీకి వచ్చిన ఒక కంపెనీ పరీక్షలో వాడి పేరు తీసేశారని ఆ రాత్రి మా అక్కయ్య చెప్పింది. పైకి ఎవరితోనూ అనలేదట.

పొద్దున్నే వాడే వచ్చాడు. రాసింది తీసేశానన్నాడు. "ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పమంటావా?" అని అడిగాడు. "నీ మనసు తేలిక కావడంకోసం ఆ పిల్ల మనసు మళ్ళీ కెలక్కు. నీ అసలు పేరుతో ఆ పద్యం కింద ఒక మంచిమాట రాయి" అన్నాను. రాశాడు.

మన పిల్లలు ట్రోలింగుకు గురవుతారేమోనని మనమందరం భయపడుతున్నాం. మన పిల్లలే చేస్తున్నారేమోనని ఎంతమందిమి అనుకుంటున్నాం? పిల్లలదాకా ఎందుకు? పింఛను పుచ్చుకుంటూ వాలుకుర్చీలో కూచుని, సినిమా హీరో మీదనో రాజకీయ నాయకుడి మీదనో అభిమానంకొద్దీ, అవతలి పక్షం ఆడవాళ్ళను నోటికొచ్చినట్లు రాసే పెద్దమనుషులు నాకు తెలుసు.

చట్టం ఏమంటుంది?

పేరు దాచుకోకుండా చేస్తే సరిపోతుందని దక్షిణ కొరియావారు అనుకున్నారు. 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో అభిప్రాయం రాసే ప్రతివాడూ తన అసలు వివరాలు రుజువు చేసుకోవాలని శాసనం చేశారు. చెడ్డమాటలు ఆగిపోలేదు. పైగా 2011లో 3.5 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ శాసనాన్ని కొట్టివేసింది. తరువాత అక్కడి రెండు పెద్ద సంస్థలు, దావుమ్ 2019లోనూ నేవర్ 2020లోనూ, వినోదరంగ వార్తల కింద అభిప్రాయాలు రాసే చోటునే మూసివేశాయి.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 66ఎ సెక్షను కింద, చిరాకు కలిగించే సందేశం పంపినా మూడేళ్ళదాకా శిక్ష వుండేది. ఏది చిరాకో ఎవరు తేల్చాలి? అది వాక్‌స్వాతంత్ర్యానికే ముప్పు అని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షనును కొట్టివేసింది. అంచేత ఒకడి మాట మనకు నొప్పి కలిగించినంతమాత్రాన అది నేరం కాదు. కాని చంపుతాననో పాడుచేస్తాననో బెదిరించడం నేరమే. 2024 జులై 1 నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహితలో దానికి 351వ సెక్షను వుంది. పేరు దాచుకుని బెదిరిస్తే అదనపు శిక్ష కూడా వుంది. వద్దన్నా స్త్రీ వెంటపడడం, ఇంటర్నెట్టులో ఆమె కదలికలు కనిపెట్టడం 78వ సెక్షను కిందికి వస్తాయి. ఆంతరంగికమైన ఫోటోలు బయటపెట్టడం, అశ్లీలం ప్రచారం చెయ్యడం సమాచార సాంకేతిక చట్టం ప్రకారం నేరాలు.

మనం చెయ్యగలిగింది

మొట్టమొదటిది, బేరంగు ఉత్తరం తీసుకోకపోవడం. ఆ రోజుల్లో తెలివైన ఇల్లాలు చేతిరాత చూడగానే "మాకొద్దు, తీసుకుపో" అని పోస్టుమానును పంపించేసేది. ఈనాటి ఆకాశరామన్న కూడా రుసుం మన దగ్గరే వసూలు చేస్తాడు. ఆ రుసుం మన కోపం, మన కన్నీళ్ళు, మన జవాబు. చిల్లర వెకిలితనానికి జవాబివ్వకండి. ఖాతాను బ్లాక్ చెయ్యండి. రోజుకు పదిసార్లు పోయి ఇంకేమి రాశారో అని చూడకండి. పుండు గిల్లుకుంటే మానదు.

రెండోది, అన్నిటికీ మౌనం మందు కాదు. బెదిరింపు వచ్చినా, ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఫోటోలు బయటపెట్టినా, అదేపనిగా ఒకడే వెంటపడినా వూరుకోకూడదు. చెరిపెయ్యకముందే తేదీ, ఖాతా పేరు, లింకు కనపడేటట్లు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ముందు ఆ వెబ్‌సైటువారికి రిపోర్టు చెయ్యండి. తరువాత కేంద్ర ప్రభుత్వపు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని, దగ్గరి పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు ఇవ్వండి. స్త్రీలకు 181, పిల్లలకు 1098 సహాయం నంబర్లు. నిద్రాహారాలు మాని మనసు కుంగిపోతున్నవారు 14416కు ఫోను చేస్తే టెలి మానస్‌వారు మన భాషలోనే మాట్లాడతారు.

మూడోది, తల్లిదండ్రులకు మనవి. పిల్ల ఏడుస్తూ వస్తే "అసలు నిన్నెవరు పెట్టమన్నారు?" అనకండి. ఫోను లాక్కోకండి. అలా చేస్తే తప్పు చేసినవాడికి కాక దెబ్బతిన్న పిల్లకు శిక్ష వేసినట్లవుతుంది. ఈసారి ఇంతకంటే పెద్ద ఆపద వచ్చినా మీకు చెప్పదు.

నాలుగోది, చూసే మనవంటివాళ్ళ పని. పైన నలుగురు వెకిలిగా రాస్తే అయిదోవాడూ అలాగే రాస్తాడని ఆ ప్రయోగం చెప్పింది గదా. పైన మంచిమాటలుంటే చెడ్డవి తగ్గుతాయని కూడా అదే చెప్పింది. తిట్టేవాడితో పోట్లాడనక్కరలేదు. తిట్లు పడ్డ మనిషికి ఒక మంచిమాట రాయండి చాలు.

నిలబడి జవాబు చెప్పేవాళ్ళూ వున్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రాచీన రోమను చరిత్ర చెప్పిన మేరీ బియర్డ్ ఒకరు. 2013లో ఒక కుర్రవాడు తనకు రాసిన బూతుమాటను ఆవిడ అందరికీ చూపించింది. ఎవరో వాడి తల్లికి చెబుతామన్నారు. వెంటనే క్షమాపణ చెప్పుకున్నాడు. తరువాత ఆవిడను భోజనానికి తీసుకువెళ్ళాడు; ఈ ఒక్క తప్పువల్ల వాడి బతుకు పాడుకాకూడదని ఆవిడ వాడి ఉద్యోగాలకు సిఫారసు ఉత్తరాలు రాసిచ్చింది. అందరికీ అంత గుండెబలం వుండదు. వుండాలని ఎవరినీ బలవంతపెట్టనూకూడదు. కాని అల్లరిమూకలో ఒక్కొక్కడికీ ఒక తల్లి వుందని గుర్తుచేసే కథ అది.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. వాడుకభాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయనదీ శ్రీకాకుళం ప్రాంతమే. ఆ వారం మా అమ్మాయిని పిలిచి ఆ మాట చెప్పాను. చదవమని అడగలేదు. రెండు రోజుల తరువాత తనే వచ్చి, "వీడియో తియ్యకుండా వుంటే చదువుతానండి మాస్టారూ" అంది. చదివింది. మొదటి పాదంలో గొంతు వణికింది. రెండో పాదానికి నిలబడింది. మూడో పాదంలో విరుపు సరిగ్గా పడింది. యాస ఎక్కడికీ పోలేదు.

మా మేనల్లుడి సంగతి మాత్రం నేనా పిల్లకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పాలో మానాలో నాకింకా తేలలేదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది. తెలియడమే న్యాయమేమో.